వైమానికుల యలసట – పాళీల పట్టికలు – విమానయాన క్షేమము

1. ఉపోద్ఘాతము

సోలాపురమునందలి తెనుగువారికి ‘పాళీ’ యను మాట క్రొత్తది కాదు. తెలంగాణపు పల్లెలనుండి నేతవిద్యను వెంటగొని వచ్చిన పద్మశాలి కుటుంబములు ఈ నగరమున స్థిరపడి తరములు గడచినవి. 1877లో ఇచ్చట మొదటి నూలు మిల్లు వెలసినది మొదలు మిల్లు కూతయే వాడలకు గడియారమయ్యెను. విద్యుద్దీపములు వచ్చిన పిమ్మట రాత్రి పాళీయు వచ్చినది. మిల్లులు మూతపడినను పాళీ పోలేదు. అది మరమగ్గముల కొట్టములలోనికి నడచి వచ్చినది. కుంభారియందు గోదూతాయి పరులేకర్ పేర వెలసిన పదివేల యిండ్ల బీడీ కార్మికుల వాడలోను, 2024 జనవరి 19న ప్రధానమంత్రి చేత పదునైదువేల యిండ్లు కార్మికుల కప్పగింపబడిన రే నగరులోను నివసించువారికి రాత్రి పని యననేమో, పగటి నిద్ర యననేమో చెప్పవలసిన పని లేదు. ఇంటిది చాట ముందిడుకొని బీడీలు చుట్టుచుండ, పిల్లలు వాకిట నాడుచుండ, రాత్రి మగ్గము నడపి వచ్చినవాడు అదే గదిలో కన్ను మూయవలసియుండును.

ఈ నగరమునకే యిప్పుడు విమానము వచ్చినది. హోటగీ మార్గమునందలి విమానాశ్రమమునకు పెద్ద యడ్డంకిగా నున్న సిద్ధేశ్వర చక్కెర కర్మాగారపు పొగగొట్టము 2023 జూన్ 15న కూల్చివేయబడెను. 2024 సెప్టెంబరు 29న విమానాశ్రయము ప్రారంభింపబడెను. 2025 జూన్ 9న గోవాకు విమానములు మొదలయ్యెను. ఆ పొగగొట్టమును గుఱించి ఏండ్ల తరబడి వివాదము జరిగినది. అది విమానమునకు అపాయకరమని అందఱు గ్రహించుటకు కారణము అది కంటికి కానవచ్చుటయే. కంటికి కానరాని అడ్డంకి మఱియొకటి కలదు. అది విమానమును నడపువాని కనురెప్పలమీద నుండును. దానిని కూల్చుటకు మందుగుండు పనికిరాదు. పాళీల పట్టికను సరిగా వ్రాయుటయే దానికి సాధనము. విమాన సిబ్బంది అలసట, వారికి పనివేళలు నిర్ణయించు పద్ధతులు, వానిని బట్టి ప్రయాణికుల ప్రాణములకు కలుగు క్షేమ క్షామములు – ఈ మూటిని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

2. అలసట యననేమి?

లోకవ్యవహారమున అలసట యన్నప్పుడు కాళ్ళు చేతులు పీకుట స్ఫురించును. విమానయానశాస్త్రమున ఆ మాటకు అర్థము వేఱు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వారి నిర్వచనము ప్రకారము నిద్రలేమి వలనను, దీర్ఘ జాగరణము వలనను, దేహములోని గడియారపు దశ వలనను, పనిభారము వలనను మానవుని మానసిక శారీరక సామర్థ్యము తగ్గిపోవు స్థితియే అలసట. కూర్చున్నచోటు కదలనివాడు సైతము ఈ యర్థమున మిక్కిలి అలసియుండవచ్చును. విమాన చోదకుని అలసట ఇట్టిదే.

ఇందు మొదటి కారణము నిద్రలేమి. పెద్దవారికి దినమునకు ఏడెనిమిది గంటల నిద్ర కావలెను. ఒకనాడు రెండు గంటలు తగ్గినచో ఆ రెండు గంటలును అప్పుగా నిలిచియుండును. మఱునాడు మఱి రెండు గంటలు తగ్గినచో అప్పు పెరుగును. వారమున నాలుగైదు నాళ్ళు ఇట్లు జరిగినవాడు తాను అలవాటు పడితినని తలచును. కాని పరీక్షించి చూడగా అతని చూపు, తలపు, చేత నానాటికి మందగించుచున్నట్లే కనబడును. అలసినవాడు తన యలసటను తాను సరిగా తూచలేడు. ఈ విషయమునందలి పెద్ద చిక్కు ఇదియే.

రెండవ కారణము ఎడతెగని జాగరణము. 1997లో ఆస్ట్రేలియాయందు డాసన్, రీడ్ అను శాస్త్రజ్ఞులు నిద్రలేమిని మద్యముతో పోల్చి తూచి చూచిరి. పదునేడు గంటలు మేలుకొనియున్నవాని చేతి నేర్పు, రక్తమున నూటికి 0.05 వంతు మద్యమున్నవాని నేర్పుతో సమానమయ్యెను. ఇరువదినాలుగు గంటలు మేలుకొనినవాడు సుమారు 0.10 వంతు మద్యము సేవించినవానితో సమానుడయ్యెను. మన దేశమున బండి నడపువానికి చట్టము విధించిన మేర 0.03 వంతు మాత్రమే. అనగా ఉదయము ఆఱు గంటలకు లేచి, రాత్రి పదునొకండు గంటల దాక నిద్రింపనివాడు, ఆ మందకొడితనము కల్లు వలన కలిగినదైనచో, శిక్షార్హుడై యుండును. విమానమెక్కుటకు ముందు చోదకునకు శ్వాసపరీక్ష జరుగును. మద్యపు జాడ యేమాత్రమున్నను అతనిని విమానమెక్కనీయరు. నిద్రను కొలుచు పరీక్ష మాత్రము ఇంతవఱకు లేదు. కావుననే పట్టికను నమ్ముకొనవలసి వచ్చినది.

మూడవ కారణము దేహములోని గడియారము. మన జీవకణములలో పగటిరేలను లెక్కించు యంత్రాంగ మొకటి కలదు. దాని మర్మమును విప్పినందులకు హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో వైద్యశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. ఈ గడియారము సూర్యకాంతిని బట్టి సరిదిద్దుకొనును గాని యజమాని యాజ్ఞను బట్టి తిరుగదు. రాత్రి రెండు గంటలకును తెల్లవాఱుజామున ఆఱు గంటలకును నడుమ దేహోష్ణము తగ్గును, మెలకువ సన్నగిల్లును. విమానయాన గ్రంథములు దీనిని మెలకువ అడుగంటిన వేళగా పరిగణించును. మధ్యాహ్న భోజనానంతరము ఇంతకంటె చిన్న తగ్గుదల యొకటి కలదు. సాయంకాలము మాత్రము ఇందుకు విరుద్ధముగ, నిద్ర పట్టుమన్నను పట్టదు.

ఈ మూడును కలిసిన వేళ ‘క్షణనిద్ర’ యనునది సంభవించును. కన్నులు తెఱచియుండగనే మెదడు కొన్ని క్షణములు నిద్రించును. ఆ సంగతి నిద్రించినవానికే తెలియదు. మరమగ్గముకడ ఇట్టి ఐదు సెకండ్లు గడచినచో తెగిన పడుగుపోగు కానక బట్టలో చారయొకటి పడును. దిగుచున్న జెట్టు విమానము గంటకు సుమారు 140 నాటికల్ మైళ్ళ వేగముతో వచ్చును; అనగా సెకండునకు 72 మీటర్లు. ఐదు సెకండ్లలో అది 360 మీటర్లు దాటిపోవును. బట్టలోని చారకు కూలి కోత. ఆకాశమునందలి చారకు ప్రాణములు.

3. పాళీల పట్టిక యెట్లు తయారగును?

విమాన సంస్థలు సిబ్బందికి ముందుగా పనిపట్టిక నిచ్చును. దీనినే వారు రోస్టరు అందురు. దీనిని అర్థము చేసికొనుటకు కొన్ని మాటల భేదము నెఱుగవలెను. విమానము కదలినది మొదలు నిలిచినదాక గడచిన కాలము ‘ప్రయాణకాలము’. చోదకుడు పనికి హాజరైనది మొదలు చివరి ప్రయాణము ముగిసి యంత్రములాగినదాక గడచినది ‘ప్రయాణ విధికాలము’. తక్కిన వ్రాతకోతల పనియు, శిక్షణయు, ప్రయాణికునివలె కూర్చుండి మఱియొక యూరికి పోయి అచ్చట విమానము నందుకొనుటయు కలిపి మొత్తము ‘విధికాలము’. సామాన్యజనులు మొదటిదానిని మాత్రమే చూచి, నాలుగు గంటలు విమానము నడపినవానికి అలసట యేమని యందురు. ఆ నాలుగు గంటలకు వెనుక పది గంటల విధి యుండవచ్చును.

పట్టికలో చెడుగు ప్రవేశించు మార్గములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది, తెల్లవాఱుజాము విమానము. నాలుగు గంటలకు విమానమున్నచో చోదకుడు మూడు గంటలకు హాజరు కావలెను. అందులకు ఒంటిగంటకు లేవవలెను. ముందునాటి మధ్యాహ్నము మూడు గంటలకు అతనిని విడిచిపెట్టినచో కాగితముమీద పండ్రెండు గంటల విశ్రాంతి లెక్కకు వచ్చును. కాని ఇంటికి చేరి, భుజించి, సాయంకాలము ఆఱు గంటలకు పరుండినను దేహపు గడియారము నిద్రకు అనుమతింపదు. తొమ్మిదింటికి కన్ను మూసినవాడు ఒంటిగంటకే లేచును. పండ్రెండు గంటల విశ్రాంతిలో నిద్ర నాలుగు గంటలు. చట్టము నెఱవేరినది, నిద్ర నెఱవేరలేదు.

రెండవది, వేళల తాఱుమాఱు. ఒకనాడు వేకువ, మఱునాడు అర్ధరాత్రి, ఆ మఱునాడు మఱల వేకువ. దేహపు గడియారమును ముందుకు జరుపుట కష్టము, వెనుకకు జరుపుట కొంత సులభము. ఏలయన ఆ గడియారపు సహజగతి ఇరువదినాలుగు గంటలకంటె కొంచెము దీర్ఘము. ప్రొద్దు పాళీనుండి మాపు పాళీకి, మాపునుండి రేయి పాళీకి మాఱుట సహింపవచ్చును గాని, రేయినుండి మాపునకు, మాపునుండి ప్రొద్దునకు వెనుదిరుగుట దేహమును విఱుచునని మగ్గపు పనివాండ్రకు పుస్తకము చదువకయే తెలియును.

మూడవది, చిన్న ప్రయాణముల గొలుసు. సోలాపురము వంటి నగరములను కలుపు ప్రయాణములు గంటసేపటివి. ఒకే దినమున నాలుగైదు మారులు ఎక్కి దిగవలసి రావచ్చును. చోదకునకు పనిభారము ఎగురునపుడు తక్కువ, ఎక్కించునపుడును దింపునపుడును ఎక్కువ. కావున గంటలు సమానమైనను దింపుడులు పెరిగినకొలది అలసట పెరుగును. అందుకే నియమములు గంటలతోపాటు దింపుడులను సైతము లెక్కించును.

నాల్గవది, పట్టిక నిలుకడ లేకుండుట. వానయో, పొగమంచో, యంత్రదోషమో కలిగినప్పుడు మార్పు తప్పదు. కాని సిబ్బందిని మఱీ పొదుపుగా నుంచుకొనిన సంస్థలో మార్పే నిత్యమగును. రేపు మధ్యాహ్నము పని యని నిద్రను సర్దుకొనినవానికి నేటి రాత్రి పిలుపు వచ్చును. నేడు పట్టికలను గణనయంత్రములు కూర్చుచున్నవి. ప్రతి మనిషిని, ప్రతి విమానమును ఒక్క నిమిషము వ్యర్థము గాకుండ వాడుకొనుట వాని ధ్యేయము. చట్టము పెట్టిన మేర హద్దుగా నుండవలసినది. ఆ లెక్కలో అదే గమ్యమగును. పడుగును ఎంత బిగించినచో బట్ట అంత చక్కగా వచ్చునని మితిమీరి బిగించినవాని మగ్గమున ఒక పోగు తెగగా ప్రక్క పోగులును తెగును. పట్టిక విషయమును ఇట్లే.

4. మంగళూరు దుర్ఘటన

మన పొరుగు రాష్ట్రమున జరిగిన యొక దుర్ఘటన ఈ విషయమునకు గొప్ప నిదర్శనము. 2010 మే 22న దుబాయినుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వారి బోయింగ్ 737 విమానము, ఉదయము ఆఱు గంటలు దాటిన కొలది నిమిషములకు మంగళూరున గుట్టమీది దారిపై దిగి, దారి చివరను దాటి లోయలోనికి జాఱి దగ్ధమయ్యెను. అందున్న 166 మందిలో 158 మంది మరణించిరి, ఎనమండుగురు బ్రదికిరి. గల్ఫు దేశములలో కష్టించి ఇల్లు చేరవచ్చిన వారనేకులు అందులో నుండిరి. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫునకు పోయి వచ్చు మన బంధువులును ఇట్టి రాత్రి విమానములనే యెక్కుదురు.

ఎయిర్ మార్షల్ గోఖలే అధ్యక్షతను ఏర్పడిన విచారణ సంఘము విమానమునందలి ధ్వనిముద్రణను పరిశీలించెను. సుమారు రెండు గంటల ఆ ముద్రణలో మొదటి గంటా నలుబది నిమిషముల సేపు చోదకుల నడుమ సంభాషణ లేదు. కెప్టెను గాఢనిద్రయందున్నట్లు తెలుపు గుఱక, దీర్ఘశ్వాస వినవచ్చెను. అతడు మేల్కొనిన కొలది సేపటికే దింపవలసి వచ్చినది. ఆ దినములలో అచ్చటి రాడారు పనిచేయకుండుట వలన దిగుటకు అనుమతి ఆలస్యముగా లభించెను. విమానము ఉండదగిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తున నుండెను. దిగవద్దు, మఱల పైకి లేపుడని సహచోదకుడు మూడుమార్లు హెచ్చరించెను. యంత్రమును పలుమార్లు హెచ్చరించెను. కెప్టెను వినలేదు. సుమారు 8,000 అడుగుల దారిలో 5,200 అడుగులు గడచిన పిమ్మట చక్రములు నేలను తాకెను.

అస్థిరమైన దిగుడును విడువకపోవుటయే ప్రత్యక్ష కారణమని సంఘము నిర్ణయించెను. దీర్ఘనిద్రనుండి లేచిన వెంటనే కలుగు మందమతి, దానికి తోడు దేహపు గడియారము అడుగంటిన వేళ – ఇవి నిర్ణయశక్తిని చెఱచియుండవచ్చునని తోడు కారణములలో చెప్పెను. ఇందు గమనింపదగిన విశేషము లున్నవి. ఆ కెప్టెనుకు ప్రయాణమునకు ముందు చాలినంత విశ్రాంతి లభించినదనియే సంఘము తెలిపెను. అనగా పట్టికలో నియమభంగము లేదు. అయినను నిద్ర అతనిని జయించెను. విశ్రాంతి గంటలు లెక్కకు సరిపోయినంత మాత్రమున మెలకువ లభించునని చెప్పరాదు.

మఱియొక విశేషము సహచోదకునిది. అతడు ప్రమాదమును గుర్తించెను, పలికెను. కాని యంత్రమును తన చేతిలోనికి తీసికొనలేదు. పెద్దవాని చేతినుండి పగ్గములను లాగికొనుటకు చిన్నవానికి గల యధికారము నియమములలో స్పష్టముగా లేకుండుటయు అందులకు కారణమై యుండవచ్చునని సంఘము భావించెను. స్వయంచాలక మగ్గములలో పడుగుపోగు తెగినచో యంత్రము తానై నిలిచిపోవు కీలు కలదు. విమానము ఆకాశమున నిలువజాలదు. యంత్రము అరచును గాని నిర్ణయింపదు. నిర్ణయించువాడు అలసినప్పుడు ప్రక్కవాని ధైర్యమే ఆ కీలు కావలెను.

5. ఇతర దేశముల యనుభవము

1993 ఆగస్టు 18న క్యూబా ద్వీపమునందలి గ్వాంటనామో వద్ద అమెరికా సరకు విమానమొకటి కూలెను. అందున్న మువ్వురు గాయములతో బ్రదికిరి. దాదాపు పదునెనిమిది గంటలు విధియందుండిన ఆ సిబ్బంది అలసటయే దుర్ఘటనకు హేతువని అమెరికా రవాణా భద్రతా సంఘము తేల్చెను. పెద్ద విమాన ప్రమాదమునకు అలసటను ప్రధాన హేతువుగా ఆ సంఘము పేర్కొనుట అదియే ప్రథమము. 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరముకడ చిన్న విమానము కూలి ఏబదిమంది మరణించిరి. సహచోదకురాలు దేశమున ఒక కొననుండి మఱియొక కొనకు రాత్రియంతయు ప్రయాణించి పనికి వచ్చినదనియు, కెప్టెను విమానాశ్రయపు విశ్రాంతిగదిలో రాత్రి గడపెననియు విచారణలో వెల్లడియయ్యెను. మృతుల కుటుంబములవారు పట్టు విడువక పోరాడిరి. తత్ఫలితముగా చోదకుల విశ్రాంతిని గుఱించిన నూతన నియమములు అమెరికాలో 2014 జనవరి 4 నుండి అమలులోనికి వచ్చెను.

నిద్రను శత్రువుగా గాక మిత్రముగా చూచిన ప్రయత్నములును జరిగినవి. అమెరికా అంతరిక్ష సంస్థ వారు దీర్ఘ ప్రయాణములలో చోదకులకు వంతులవారీగా నలువది నిమిషముల కునుకునకు అవకాశ మిచ్చి చూచిరి. వారు సగటున ఇరువదియాఱు నిమిషములు నిద్రించిరి. అటుపిమ్మట వారి పనితీరును మెలకువయు స్పష్టముగా మెఱుగుపడెను. నియమబద్ధమైన కునుకు వేఱు, మంగళూరు విమానమునందలి నిద్ర వేఱు. మొదటిదానిలో ప్రక్కవానికి తెలిపి, కాలమును మితపఱచి, లేచిన పిదప మందమతి తొలగుటకు వ్యవధి యిచ్చి, దిగుటకు చాల ముందుగా ముగింతురు. రెండవది హద్దులేక సాగి, దిగు వేళకు చేరువగా ముగిసినది.

2011లో అంతర్జాతీయ సంస్థ మఱియొక మార్గమును చూపెను. గంటల హద్దులతో తృప్తి చెందక, సిబ్బంది నివేదికలను, నిద్ర లెక్కలను సేకరించి, అలసట యెచ్చట పెరుగుచున్నదో కనుగొని పట్టికను సవరించు విధానమది. అయితే నిజము చెప్పినవాడు శిక్షింపబడడని సిబ్బందికి నమ్మకమున్నచోటనే ఆ విధానము పనిచేయును.

6. మన దేశపు నియమములు

మన దేశమున ఈ యధికారము పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వారిది. 2011లో వారు విశ్రాంతి నియమములను సమగ్రముగా ప్రకటించిరి. 2024 జనవరి 8న వానిని తిరిగి సవరించిరి. ఆ సవరణలలో ముఖ్యమైనవి ఇవి. వారపు విశ్రాంతి ముప్పదియాఱు గంటలనుండి నలువదియెనిమిది గంటలకు పెరిగెను. రాత్రి యనగా అర్ధరాత్రినుండి ఐదు గంటల వఱకని యుండగా, దానిని ఆఱు గంటల వఱకు పెంచిరి. రాత్రివేళ తగులు పాళీలో ఆఱు దింపుడులకు బదులు రెండు దింపుడులకే అనుమతి నిచ్చిరి. అట్టి పాళీకి ప్రయాణకాలము ఎనిమిది గంటలకును, ప్రయాణ విధికాలము పది గంటలకును మించరాదనిరి. విమాన సంస్థలు మూడు నెలల కొకమారు అలసట నివేదికల నీయవలెననియు విధించిరి.

రాత్రికి ఒక గంట చేర్చుట అల్పముగా తోచును. కాని ఐదు గంటలకును ఆఱు గంటలకును నడుమ బయలుదేరు విమానము లెన్నియో తలచినచో దాని ప్రభావము తెలియును. ఆ గంటయే దేహపు గడియారము అడుగున నుండు వేళలో చివరి గంట.

ఈ నియమములు 2024 జూన్ 1న అమలు కావలసియుండగా వాయిదా పడెను. క్రొత్త చోదకులను చేర్చుకొని శిక్షణ మిచ్చుటకు వ్యవధి కావలెనని సంస్థలు కోరెను. చోదకుల సంఘములు ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము నాశ్రయించెను. తుదకు కొన్ని నియమములు 2025 జూలై 1 నుండియు, రాత్రి పాళీలకు సంబంధించిన కఠిన నియమములు 2025 నవంబరు 1 నుండియు అమలులోనికి వచ్చెను.

అటు తరువాత నెల తిరుగగనే దేశములోకెల్ల పెద్దదైన ఇండిగో సంస్థ పట్టికలు కుప్పకూలెను. 2025 డిసెంబరు మొదటి వారమున వేలాది ప్రయాణములు రద్దయ్యెను. డిసెంబరు 5న ఒక్కనాడే వేయింటికి పైగా రద్దయ్యెను. పెండ్లికి పోవువారును, పరీక్షకు పోవువారును, వైద్యమునకు పోవువారును విమానాశ్రయములలో రాత్రులు గడపిరి. ప్రభుత్వము ఆ సంస్థకు రాత్రి పాళీల నియమములలో 2026 ఫిబ్రవరి 10 వఱకు సడలింపు నిచ్చెను. వారపు విశ్రాంతికి బదులుగ సెలవును జమకట్టరాదన్న నిబంధనను సైతము ఉపసంహరించెను. అప్పటి పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళము వారైన కింజరాపు రామమోహననాయుడు గారగుట చేత తెనుగువారు ఈ వ్యవహారమును విశేషాసక్తితో గమనించిరి.

ఈ ఘటనను రెండు విధముల వ్యాఖ్యానింప వచ్చును. నియమములు మితిమీరినవి కావున ప్రయాణికులు బాధపడిరని కొందఱందురు. నియమము ప్రకటితమైనది 2024 జనవరిలో. పట్టికలు కూలినది 2025 డిసెంబరులో. నడుమ దాదాపు రెండేండ్ల వ్యవధి కలదు. సంస్థల యిబ్బందులును నిజమైనవే. చోదకుడు ఒక్కనాటిలో తయారు కాడు. శిక్షణకు ధనము, కాలము కావలెను. సిబ్బంది పెరిగినచో టికెట్టు ధర కొంత పెరుగవచ్చును. అయినను విశ్రాంతి నియమము అమలైనంతనే ఇన్ని ప్రయాణములు రద్దు కావలసి వచ్చినదన్నచో, అంతకు పూర్వము ఆ ప్రయాణములు ఎవరి నిద్రను పెట్టుబడిగా పెట్టి నడచినవని ప్రశ్నించుట న్యాయము.

7. కార్మిక చరిత్రతో పోలిక

విశ్రాంతి యెన్నడును ఊరకే లభింపలేదు. బొంబాయి మిల్లు కార్మికుల నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే ఏండ్ల తరబడి ఆందోళన సాగింపగా 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారపు సెలవును అంగీకరించిరి. వయోజనులైన పురుషుల పనివేళ 1911 నాటి చట్టమున బట్టల మిల్లులలో దినమునకు పండ్రెండు గంటలుగ నిర్ణయింపబడెను. 1922లో అది పదునొకండునకు, 1934లో పదింటికి తగ్గెను. స్వతంత్ర భారతమున 1948 నాటి చట్టము దినమునకు తొమ్మిది, వారమునకు నలువదియెనిమిది గంటల మేరను విధించెను. 1961లో బస్సు, లారీ కార్మికులకు ఎనిమిది గంటల దినమును చట్టమిచ్చెను. 2025 నవంబరు 21న అమలైన కొత్త కార్మిక స్మృతులు ఈ పాత చట్టముల స్థానమును గైకొనెను. ప్రతి మెట్టునందును యజమానులు పరిశ్రమ మునుగుననిరి. మిల్లులు తరువాత మూతపడుటకు ఆదివారపు సెలవు కారణమని మాత్రము ఎవ్వరును చెప్పజాలరు.

అయినను మిల్లు కార్మికుని కోరికకును చోదకుని కోరికకును భేదమొకటి కలదు. మగ్గమువాడు అలసినచో ముఖ్యముగా నష్టపడువాడు అతడే. వ్రేళ్ళు నలిగినను, కూలి కోతపడినను అతనిదే బాధ. చోదకుడు అలసినచో అతని వెనుక కూర్చున్న నూటయేబదిమందియు ఆ యలసటను పంచుకొందురు. కావున చోదకుని నిద్ర అతని సొంత సుఖము కాదు. అది ప్రయాణికుల సొత్తు. పెద్ద జీతములు గలవారికి ఈ వేడుకోలు లేల యని మన వాడలలో కొందఱు పలుకుటకు ఇదియే సమాధానము. జీతము నిద్రను కొనిపెట్టదు.

ఈ న్యాయము నేలమీదికి సైతము వర్తించును. సోలాపురమునుండి హైదరాబాదునకు సుమారు మూడువందల కిలోమీటర్ల దారిలో రాత్రియంతయు బస్సులు, లారీలు నడచుచున్నవి. వానిని నడపువాని దేహపు గడియారము విమాన చోదకుని గడియారము వంటిదే. ఆకాశమున రెండవ చోదకుడు, ధ్వనిముద్రణ, విచారణ సంఘము కలవు. లారీలో ఇవి యేవియు లేవు.

8. ఉపసంహారము

పై విచారమువలన తేలిన ముఖ్యాంశములు ఇవి. విశ్రాంతిని గంటలతో మాత్రమే గాక, ఆ గంటలు ఏ వేళ పడినవో, వానిలో నిద్ర యెంత లభింపగలదో చూచి లెక్కింపవలెను. పట్టికను తఱచు మార్చరాదు. మార్పు తప్పనిచోట ఆదుకొనుటకు అదనపు సిబ్బందిని ఉంచుకొనవలెను. ఆ వ్యయమును ఇంధన వ్యయమువలె తప్పనిదిగా భావింపవలెను. ‘నేను అలసితిని, ఈ పూట నడపజాలను’ అని చెప్పినవానిని శిక్షింపరాదు. అట్లు చెప్పనివానిని గుఱించియే భయపడవలెను. పెద్దవాడు పొరపడినప్పుడు పగ్గములు గైకొను నధికారము చిన్నవానికి కాగితముమీదనే గాక శిక్షణలోను లభింపవలెను. ఒకమారు యోచించి ప్రకటించిన నియమమును ఒత్తిడి కలిగినప్పుడెల్ల సడలించుచు పోయినచో, సిద్ధపడనివానికి బహుమానమును, సిద్ధపడినవానికి నష్టమును కలుగును.

ప్రయాణికులకును ఇందు పాత్ర కలదు. చోదకుని విధికాలము మించినందున విమానము ఆలస్యమైనదని తెలిసినప్పుడు కోపించుట సహజమే. కాని ఆ యాలస్యము, హోటగీ మార్గమున పొగగొట్టము తొలగునంత వఱకు మన నగరము సహించిన యాలస్యము వంటిదే. రెండును అడ్డంకి తొలగుటకే. రాత్రి పాళీ చేసి వచ్చినవాని నిద్ర చెడకుండ పిల్లలను వాకిటనుండి ప్రక్క సందులోనికి పంపు ఇల్లాలి యెఱుక ఈ విషయమున మన పాలకులకును, విమాన సంస్థలకును కలిగినచో, వారు వ్రాయు పట్టికలు నిజముగ క్షేమపత్రములు కాగలవు.